భుజంలో టెండన్ తెగితే: కీహోల్ ఆపరేషన్‌కి ముందు, ఆ తర్వాత ఏం చేయాలి

కాలవ రేవులో పాచి పట్టిన మెట్టు మీద కాలు జారింది. పడిపోకుండా పక్కనున్న ఇనుప గొట్టాన్ని కుడిచేత్తో పట్టుకున్నాను, ఒంటి బరువంతా ఆ ఒక్క చేతి మీద పడి భుజంలో టప్పుమంది. కింద పడలేదు కదా అని ఊపిరి పీల్చుకుని ఇంటికొచ్చేశాను. ఆ రాత్రి ఆ వైపు తిరిగి పడుకోలేకపోయాను. మర్నాడు స్కూల్లో బోర్డు మీద తేదీ వేద్దామని చెయ్యెత్తితే భుజం ఎత్తు దాకా కూడా లేవలేదు, ఎడంచేత్తో కుడి మోచేతిని పైకి తోసుకుని రాయాల్సొచ్చింది.

ఆ తర్వాత నాలుగు నెలలు ఊరికే పోయాయి. ఒకచోట ఎక్స్‌రే చూసి "ఎముక బాగుందమ్మా, షుగర్ ఉంది కదా, భుజం బిగుసుకుంది, మెల్లిగా సర్దుకుంటుంది" అని మాత్రలిచ్చారు. ఇంకోచోట నూనె పెట్టి తోమించుకున్నాను. ఒక ఇంజెక్షన్ కూడా అయ్యింది. చివరికి ఎమ్మారై తీయిస్తే టెండన్, అంటే కండని ఎముకకి కట్టే తాడు, ఒకటి ఎముక నుంచి పూర్తిగా ఊడి వెనక్కి లాక్కుపోయి ఉంది. కీహోల్ ఆపరేషన్, అంటే చిన్న గాట్లలోంచి కెమెరా పెట్టి చేసేది, చేయించుకున్నాను, ఏడాదిన్నర దాటింది, ఇప్పుడు బోర్డు పైవరస నుంచి రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, మందుల విషయంలో మీ డాక్టర్ మాటే మాట. కానీ ఈ దారి మొత్తం నడిచాను కాబట్టి ఎక్కడ ఆగాలో, ఎక్కడ అడగాలో చెప్పగలను. మా కోనసీమలో కొబ్బరి దింపుకెళ్ళేవాళ్ళు, ఒలుపు చేసేవాళ్ళు, ధాన్యం బస్తాలెత్తేవాళ్ళు, రొయ్యల చెరువులో వల విసిరేవాళ్ళు, మగ్గం నేసేవాళ్ళు, వీళ్ళందరి బతుకూ భుజం మీదే నడుస్తుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఒక్క సంగతి మాత్రం మొదటే పట్టుకోండి. కీహోల్ అనగానే చిన్న ఆపరేషన్ అనుకుంటారు. చిన్నది పైన పడే గాటు మాత్రమే. తోలు పది రోజుల్లో మానిపోతుంది, లోపల టెండన్ ఎముకకి అతుక్కోవడానికి మూడు నెలలు పడుతుంది, పూర్తిగా గట్టిపడడానికి ఏడాది దాకా పడుతుంది. ఇది మర్చిపోయినవాళ్ళకే మళ్ళీ తెగుతోంది.

ముందు ఏం తెగిందో తెలుసుకోండి

మనవైపు భుజంలో ఏది తెగినా "నరం తెగింది" అంటారు. నరం వేరు, టెండన్ వేరు. నరం కరెంటు తీగ లాంటిది, మెదడు నుంచి కబురు తెస్తుంది. టెండన్ అంటే కండని ఎముకకి కట్టి ఉంచే తాడు. భుజం దగ్గర చేతి ఎముక తల బంతిలా గుండ్రంగా ఉంటుంది, ఆ బంతిని నాలుగు కండరాలు చుట్టూ పట్టుకుని ఉంటాయి, ఆ నాలుగింటి టెండన్లూ కలిసి బంతికి టోపీ తొడిగినట్టు అల్లుకుంటాయి. దీన్ని రొటేటర్ కఫ్ అంటారు. వాటిలో ఎక్కువగా తెగేది పైనుండే సుప్రాస్పైనేటస్, నాకు తెగింది కూడా అదే. కిందపడినప్పుడో, బరువు లాగినప్పుడో ఒక్కసారిగా తెగొచ్చు, లేదా ఏళ్ళ తరబడి తల పైకి చేతులెత్తి పనిచేసినవాళ్ళకి తాడు పోగులు విడినట్టు కొంచెం కొంచెంగా అరిగి తెగొచ్చు. వయసు అరవై దాటాక నొప్పి లేకుండానే ఇలా తెగి ఉన్నవాళ్ళు కూడా చాలామంది ఉంటారు.

ఇంట్లో గమనించాల్సినవి ఇవీ. నొప్పి భుజం బయటివైపు నుంచి మోచేతి పైదాకా ఉండి, రాత్రి ఆ వైపు పడుకుంటే నిద్ర పట్టదు. చెయ్యి పక్కకి ఎత్తుతుంటే మధ్యలో ఒకచోట గుచ్చుతుంది. జడ వేసుకోవడం, వెనక హుక్ పెట్టుకోవడం, అటక మీద డబ్బా దించడం కష్టమవుతుంది. నొప్పి మెడ నుంచి మొదలై వేళ్ళ దాకా తిమ్మిరిగా పాకుతుంటే అది మెడ దగ్గర నరం నొక్కుకోవడం కావచ్చు. ఎడమ భుజం లాగుతూ చెమటలు పట్టి, గుండెలో బరువుగా ఉంటే ఇదంతా చదవడం ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి, అది గుండె కావచ్చు.

నన్ను నాలుగు నెలలు తిప్పిన తేడా ఒకటుంది, దాన్ని మీరు డాక్టర్ ముందు అడిగి మరీ చూపించండి. భుజం బిగుసుకుపోతే, అదే ఫ్రోజెన్ షోల్డర్ అంటారు, మీ అంతట మీరు ఎత్తినా లేవదు, పక్కవాళ్ళు పట్టుకుని ఎత్తినా లేవదు. టెండన్ తెగితే మీ అంతట మీరు ఎత్తలేరు గానీ పక్కవాళ్ళు మెల్లిగా ఎత్తితే చెయ్యి పైకి వెళ్తుంది, వదిలేస్తే జారిపోతుంది. నేను ఎడంచేత్తో తోసుకుని బోర్డు మీద రాశానంటే అర్థం అదే. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. షుగర్ ఉన్నవాళ్ళకి ఫ్రోజెన్ షోల్డర్ ఎక్కువ వస్తుంది, నిజమే, కానీ షుగర్ ఉన్నంత మాత్రాన ప్రతి భుజం నొప్పీ అదే కాదు. దెబ్బ తగిలిన రోజు నుంచి చెయ్యి లేవకపోతే ఆ తారీఖు కాగితం మీద రాసుకుని వెళ్ళండి, "ఫలానా రోజు జారాను, ఆ రోజు నుంచే ఎత్తలేకపోతున్నాను" అని చెప్పండి. ఎప్పటినుంచో నొప్పిగా ఉందండీ అంటే వినేవాళ్ళకి అది వేరే కథ.

స్కాన్, రిపోర్టు

ఎక్స్‌రేలో ఎముకే కనిపిస్తుంది, టెండన్ కనిపించదు. కాబట్టి ఎక్స్‌రే బాగుందంటే భుజం బాగుందని కాదు. తెలిసిన చెయ్యి అయితే అల్ట్రాసౌండ్‌లోనూ పట్టేస్తారు, ఆపరేషన్ మాట వచ్చాక మాత్రం ఎమ్మారై కావాల్సిందే. అమలాపురం, భీమవరం, రాజమండ్రి, కాకినాడ, మీకు ఏది దగ్గరైతే అక్కడ చేయించుకోవచ్చు. ఒంట్లో పేస్‌మేకర్ గానీ, పాత లోహం ముక్కలు గానీ ఉంటే ముందే చెప్పాలి.

రిపోర్టులో నాలుగు మాటలు వెతకండి. పార్షియల్ టియర్ అంటే మందంలో కొంత తెగింది, ఫుల్ థిక్‌నెస్ టియర్ అంటే పైనుంచి కిందదాకా తెగింది. దాని పక్కన సెంటీమీటర్లలో కొలత ఉంటుంది, 1 లోపు చిన్నది, 1 నుంచి 3 మధ్యరకం, 3 నుంచి 5 పెద్దది, 5 దాటితే చాలా పెద్దది. రిట్రాక్షన్ అంటే తెగిన కొస ఎంత వెనక్కి లాక్కుపోయిందీ అని. నాలుగోది ఎవరూ పట్టించుకోరు గానీ అసలైంది అదే, ఫ్యాటీ ఇన్‌ఫిల్ట్రేషన్. టెండన్ తెగిన కండరం పనిలేక ఎండిపోతూ, కండ స్థానంలో కొవ్వు చేరుతుంది. దీనికి గుటాలియర్ గ్రేడ్ అని 0 నుంచి 4 దాకా వేస్తారు. 3 అంటే కండా కొవ్వూ సమానం, 4 అంటే కండ కంటే కొవ్వే ఎక్కువ. ఆ కొవ్వు చేరాక, ఆపరేషన్ చేసి తాడుని మళ్ళీ కట్టినా ఆ కండ వెనక్కి రాదు. ఆలస్యం ఎందుకు చేయొద్దంటున్నానో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. నాది 2.5 సెంటీమీటర్లు, గ్రేడ్ 1, నాలుగు నెలలు ఆలస్యమైనా గట్టున పడ్డాను.

అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు

ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఎమ్మారైలో టియర్ అన్న మాట చూడగానే ఇంట్లో టెన్షన్ మొదలై అప్పు కోసం పరుగెత్తేవాళ్ళున్నారు. కొంచెం తెగినవాళ్ళకి, వయసు పైబడి ఇంటి పనులు తప్ప బరువు పనులు లేనివాళ్ళకి, మెల్లిగా అరిగి తెగినవాళ్ళకి ముందు 6 నుంచి 12 వారాలు పద్ధతిగా ఫిజియోథెరపీ చేయించి చూస్తారు, చాలామందికి దానితోనే నొప్పి తగ్గి పని జరిగిపోతుంది. టెండన్ అతుక్కుందని కాదు, మిగతా కండరాలు బలపడి బరువు మోస్తాయి. మా పెద్దాడపడుచుకి 71 ఏళ్ళు, ఆవిడ భుజంలోనూ టియర్ ఉంది, ఏ ఆపరేషనూ లేకుండా పిండి రుబ్బుకుంటోంది.

దెబ్బ తగిలి ఒక్కసారిగా పూర్తిగా తెగినవాళ్ళు, అందులోనూ చేతి కష్టం మీద బతికేవాళ్ళు, ఆ లెక్కలోకి రారు. వాళ్ళు వారాల్లో నిర్ణయం తీసుకోవాలి, మూడు నెలలు దాటనివ్వకూడదు. దాళ్వా కోతలయ్యాక చూద్దాం, సంక్రాంతి వెళ్ళాక చూద్దాం అనుకుంటే తెగిన కొస పంట కోసం ఆగదు. అరిగి తెగిన కేసైతే డాక్టర్‌తో మాట్లాడుకుని సార్వాకీ దాళ్వాకీ మధ్య ఖాళీ చూసుకోవచ్చు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి ఒక మాట. నొప్పి తగ్గిస్తుంది, ఫిజియో చేసుకోవడానికి ఊపిరి ఇస్తుంది, అంతే, తెగినదాన్ని అతికించదు. షుగర్ ఉన్నవాళ్ళకి కొన్ని రోజులు షుగర్ బాగా పెరుగుతుంది. మాటిమాటికీ చేయిస్తే టెండన్ ఇంకా మెత్తబడుతుంది. పైగా ఇంజెక్షన్ చేసిన నెలలోపే ఆపరేషన్ చేస్తే చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది, కాబట్టి ఎక్కడ ఎప్పుడు చేయించుకున్నారో సర్జన్‌కి దాచకుండా చెప్పండి.

డాక్టర్ని అడగాల్సినవి

భుజం కీహోల్ ఆపరేషన్లు తరచుగా చేసే ఆర్థోపెడిక్ సర్జన్ దగ్గరికి వెళ్ళండి, ఎముకల డాక్టర్లందరూ ఇది చేయరు. "మీరు నెలకి ఎన్ని చేస్తారండీ" అని అడగడం మర్యాద తక్కువ కాదు, మంచి డాక్టర్ దానికి నొచ్చుకోరు. నా టెండన్ ఎముక దాకా లాగితే వస్తుందా, రాకపోతే ఏం చేస్తారు అని అడగండి. చాలా పెద్దగా తెగి కొవ్వు చేరిన భుజాల్లో కొన్నిసార్లు సగం మాత్రమే కడతారు, పెద్ద వయసువాళ్ళకి రివర్స్ షోల్డర్ రీప్లేస్‌మెంట్ అని వేరే ఆపరేషన్ ఉంటుంది. ఆ మాట లోపలికెళ్ళాక కాదు, ముందే వినాలి.

ఖర్చు దగ్గర అందరూ గది అద్దె, డాక్టర్ ఫీజు అడిగి ఊరుకుంటారు. అసలు ఎక్కువ తక్కువలు వచ్చేది యాంకర్ల దగ్గర. యాంకర్ అంటే ఎముకలో దిగగొట్టే చిన్న మర మేకు, దానికి గట్టి దారాలు కట్టి ఉంటాయి. కొన్ని టైటానియంవి, కొన్ని గట్టి ప్లాస్టిక్ లాంటివి, కొన్ని కాలంతో పాటు ఒంట్లో కరిగిపోయేవి. ఎన్ని పడతాయి, ఒక్కోటి ఎంత, ప్యాకేజీలో ఎన్ని కలిపారు, అదనంగా పడితే ఎంత, ఇవి కాగితం మీద రాయించుకోండి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మనవాళ్ళు ఇంకా ఆరోగ్యశ్రీ అనేది, ఆ కార్డు ఉంటే ఆస్పత్రిలో ఆ కౌంటర్‌కి వెళ్ళి మీ రిపోర్టు చూపించి, ఈ ఆపరేషన్‌కి ఈ ఆస్పత్రిలో అనుమతి వస్తుందా అని అడ్మిట్ అవ్వకముందే కనుక్కోండి, 104కి ఫోన్ చేసి కూడా అడగొచ్చు. ప్రభుత్వ ఉద్యోగులు హెల్త్ కార్డు మీద ముందస్తు అనుమతి తెచ్చుకోవాలి. కాకినాడ ప్రభుత్వ ఆస్పత్రి ఆర్థో ఓపీలో ఒకసారి చూపించుకోవడం ఎప్పుడూ మంచిదే, రెండో అభిప్రాయానికైనా పనికొస్తుంది.

తేదీ ఖాయమయ్యాక

షుగర్ ఉన్నవాళ్ళు మూడు నెలల షుగర్ పరీక్ష, హెచ్‌బీఏ1సీ, చేయించుకోండి. నాది 9 పైన ఉంటే 8 కిందకి తెచ్చుకుని రమ్మని వెనక్కి పంపారు, అప్పుడు కోపం వచ్చింది గానీ ఆ పంపడమే మంచిదైంది, షుగర్ ఎక్కువున్నవాళ్ళకి గాయమూ మానదు, టెండనూ సరిగా అతకదు. చుట్ట, బీడీ, సిగరెట్ ఆపేయాలి, ఆపరేషన్ రోజున కాదు, వారాల ముందే, ఆ తర్వాత మూడు నెలలూ. పొగ టెండన్‌కి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తుంది, మళ్ళీ తెగడానికి అదొక పెద్ద కారణం. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే వాటిని మీ అంతట మీరు ఆపకండి, గుండె డాక్టర్నీ సర్జన్నీ ఇద్దర్నీ అడిగి ఆపాలి. షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం ఉంటే మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, అవి సాధారణంగా మూడు రోజుల ముందే ఆపిస్తారు. ఒంటి మీద సెగ్గడ్డ, చంకలో పుండు, పంటి చీము ఏదున్నా చెప్పండి, అది తగ్గాకే ఆపరేషన్.

ఇక ఇల్లు సిద్ధం చేసుకోండి. నాలుగైదు వారాలు మంచం మీద వెల్లకిలా పడుకోవడం కష్టం, వెనక్కి వాలి కూర్చున్నట్టుగా పడుకోవాలి. దీనికి మన ఇళ్ళల్లో వీధి వసారాలో ఉండే పడక్కుర్చీని మించింది లేదు. మా మావయ్యగారి కాలంనాటి పడక్కుర్చీ అటక మీద ఉంటే దింపి, గుడ్డ మార్పించి, మోచేతి కింద పెట్టుకోవడానికి రెండు చిన్న దిళ్ళు కుట్టించుకున్నాను. మోచెయ్యి వెనక్కి జారిపోకుండా దాని వెనక దిండు ఉండాలి, ఆ దిండు లేకపోతే రాత్రి రెండింటికి నొప్పితో లేచి కూర్చుంటారు. ఆడవాళ్ళు ముందు పూర్తిగా తెరుచుకునే నైటీలు, వదులు జాకెట్లు నాలుగు కుట్టించుకోండి, మగవాళ్ళకి ముందు గుండీలున్న వదులు చొక్కా, లుంగీకి బదులు సాగే నడుము ఉన్న ప్యాంటు మేలు, ఒంటిచేత్తో లుంగీ కట్టుకోలేరు. తెగింది కుడిభుజమైతే వారం ముందు నుంచే ఎడంచేత్తో పళ్ళు తోముకోవడం, కడుక్కోవడం, స్పూనుతో అన్నం తినడం అలవాటు చేసుకోండి.

ఆపరేషన్ రోజు

అన్నం, టిఫిను 6 గంటల ముందు ఆపేయాలి, మంచినీళ్ళు సాధారణంగా 2 గంటల ముందు దాకా, మీ ఆస్పత్రివాళ్ళు చెప్పిన టైము పాటించండి. ఏ భుజమో దాని మీద సర్జన్ పెన్నుతో గుర్తు పెడతారు, మెలకువగా ఉండగానే పెట్టించుకోండి. మెడ పక్కన బ్లాక్ అనే ఇంజెక్షన్ ఇస్తారు, చెయ్యంతా మొద్దుబారుతుంది, దాంతోపాటు పూర్తి మత్తు ఇవ్వడం మామూలే. బ్లాక్ వల్ల కాసేపు గొంతు బొంగురుపోవచ్చు, ఆ వైపు కనురెప్ప కొంచెం వాలొచ్చు, ఊపిరి పూర్తిగా అందనట్టు ఉండొచ్చు. ముందే తెలిస్తే భయం ఉండదు. ఉబ్బసం ఉన్నవాళ్ళు మాత్రం మత్తు డాక్టర్‌కి ముందే చెప్పాలి.

లోపల ఏం చేస్తారంటే, భుజం చుట్టూ మూడు నుంచి ఐదు చిన్న గాట్లు, ఒక్కోటి సెంటీమీటరు లోపే. ఒకదాంట్లోంచి పెన్ను అంత సన్నటి కెమెరా వెళ్తుంది, సెలైన్ నీళ్ళు పంపి లోపల చోటు చేసుకుంటారు, టీవీలో చూస్తూ మిగతా గాట్లలోంచి పనిముట్లు పెట్టి, చిరిగిన అంచుల్ని శుభ్రం చేసి, ఎముక పైపొరని కొంచెం గీరి, అక్కడ యాంకర్లు దింపి, వాటి దారాలతో టెండన్‌ని లాగి తన చోట కట్టేస్తారు. పడవని రేవులో గుంజకి కట్టినట్టే. తాడు ఎంత గట్టిగా కట్టినా కొన్నాళ్ళు దాన్ని పట్టి ఉంచేది ఆ దారాలే, అసలు పట్టు ఒళ్ళు తయారు చేసుకోవాలి. ఇదంతా గంట నుంచి రెండు గంటలు.

చాలామందిని మర్నాడే పంపించేస్తారు. వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితంలో యాంకర్ల స్టిక్కర్లు అంటించారో లేదో చూసుకోండి, తర్వాతెప్పుడైనా ఎమ్మారైకి అవి కావాలి. ఇంటికి కారులోనే రండి. బండి వెనక కూర్చోవద్దు, ఆటోలో గతుకుల రోడ్డు మీద అసలొద్దు. సఖినేటిపల్లి వైపు వాళ్ళు నర్సాపురంలో పంటు, అంటే బళ్ళని గోదావరి దాటించే పెద్ద పడవ, ఎక్కాల్సొస్తే కారు దిగకుండా కూర్చుని, ర్యాంపు మీద మెల్లిగా పోనివ్వమని చెప్పండి.

మొదటి రెండు రాత్రులు

బ్లాక్ పనిచేసినంతసేపు, అంటే సుమారు 12 నుంచి 24 గంటలు, నొప్పే తెలియదు. "ఏవండీ, నాకేం నొప్పి లేదు, మాత్రలు ఎందుకు" అని మా ఆయనతో అన్నాను, ఆయన వినకుండా నర్సు చెప్పిన టైముకి మాత్ర వేయించారు, అది లేకపోతే ఆ రాత్రి ఏమయ్యేదో. బ్లాక్ దిగిపోతే నొప్పి ఒక్కసారిగా ఉప్పెనలా వస్తుంది, కాబట్టి అది దిగకముందే మాత్ర కడుపులో ఉండాలి, మొదటి మూడు రోజులు గడియారం చూసి వేసుకోండి. చెయ్యి మొద్దుగా ఉన్నప్పుడు వేడి గ్లాసు, వేడి కాపడం దగ్గరికి రానివ్వకండి, కాలినా తెలియదు. ఐస్ ముక్కలు గుడ్డలో చుట్టి ఇరవై నిమిషాలు పెట్టి తీస్తూ ఉండండి.

భుజం బాగా ఉబ్బి, కట్టు లోంచి గులాబీ రంగు నీరు కారుతుంది. మా అత్తగారు అది చూసి రక్తం కారిపోతోందని కంగారు పడ్డారు. అది లోపల మిగిలిన సెలైన్, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. జ్వరం, గాట్ల దగ్గర ఎరుపు పెరగడం, చీము, బ్లాక్ దిగాక కూడా వేళ్ళు కదలకపోవడం, పిక్కలో వాపు, ఆయాసం, వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఫోన్ చేయండి.

పథ్యం పేరుతో తిండి మాన్పించకండి. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడని, చేప తింటే గాయం మానదని చూడడానికి వచ్చినవాళ్ళందరూ చెప్పి వెళ్తారు. టెండన్ అతకడానికి కావాల్సిందే మాంసకృత్తులు. ముద్దపప్పు, గుడ్డు, కొరమీను పులుసు, పెరుగు, అన్నీ తినండి. నొప్పి మాత్రలకి మలబద్ధకం వస్తుంది, నీళ్ళు, ఆకుకూర, అరటిపండు మానకండి.

ఆరు వారాల స్లింగ్

ఈ దశలో నిజంగా ఏ కష్టమైన పనీ ఉండదు, ఏమీ చేయకపోవడమే కష్టం. పొట్ట పక్కన దిండున్న స్లింగ్, అంటే చేతిని కదలకుండా మెడకి కట్టి ఉంచే పట్టీ, ఇస్తారు, 4 నుంచి 6 వారాలు, నిద్రలో కూడా. రెండు మూడు వారాలకి నొప్పి తగ్గిపోతుంది, కుట్లు 10 నుంచి 14 రోజుల్లో తీసేస్తారు, అద్దంలో చూస్తే నాలుగు చిన్న మచ్చలు తప్ప ఏమీ లేదు, ఇక తగ్గిపోయినట్టే అనిపిస్తుంది. అప్పుడే జాగ్రత్త. మా వీధి చివర దింపు పని చేసే ఆయన నా తర్వాత ఆర్నెల్లకి ఇదే ఆపరేషన్ చేయించుకున్నాడు. నాలుగో వారంలో వచ్చి "టీచరుగారండి, నొప్పి అసల్లేదండి, ఈ దిండు తీసేత్తానండి" అన్నాడు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, మా గోడకి కొట్టిన కొత్త సున్నం మీద వేలితో గీసి చూపించాను, పైన ఆరినట్టే ఉంది, లోపల పచ్చిగానే ఉంది. ఇంకో రెండు వారాలు ఉంచుకున్నాడు.

ఆ చేత్తో గ్లాసు కూడా ఎత్తి పక్కన పెట్టొద్దు, కుర్చీలోంచి లేచేటప్పుడు దాని మీద ఆనొద్దు, తూలితే ఆ చేత్తో పట్టుకోవద్దు. మోచెయ్యి పక్కకి ఆనించి ఫోన్ పట్టుకోవడం, రాయడం డాక్టర్ ఒప్పుకుంటే చేయొచ్చు. వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి మొదటిరోజు నుంచే కదుపుతూ ఉండాలి, లేకపోతే చెయ్యంతా వాచి బిగుసుకుంటుంది. మన ఉక్కకి చంకలో చెమటకాయలు, తామర వచ్చేస్తాయి. ముందుకి వంగితే చెయ్యి దానంతట అదే కిందకి వేలాడి చంకలో సందు వస్తుంది, ఆ సందులోంచి తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, పలచటి నూలుగుడ్డ మడిచి పెట్టండి. చెయ్యి పైకి ఎత్తి తుడవడం మాత్రం వద్దు.

కసరత్తు, గిలక, సుద్దముక్క

డాక్టర్ సరేనన్నాక, కొందరికి వారంలో, పెద్దగా తెగినవాళ్ళకి ఇంకా ఆలస్యంగా, ఊయల కసరత్తు మొదలవుతుంది. మంచిచేత్తో అరుగు అంచో బల్లో పట్టుకుని ముందుకి వంగి, ఆపరేషన్ అయిన చేతిని వదిలేసి, ఒళ్ళు ఊపితే చెయ్యి దానంతట అదే లోలకంలా ఊగాలి. చేతిని మీరు ఊపకూడదు, తేడా అక్కడుంది. దీన్ని కాడ్‌మన్ కసరత్తు అంటారు, తెగిన ఈ టెండన్‌ని కుట్టడం గురించి 1911లోనే రాసిన బోస్టన్ సర్జన్ పేరు మీద.

తర్వాత గిలక. మా నూతి గిలక వాడకం లేక పడి ఉంటే తుప్పు గీకించి, నూనె వేసి, వసారా దూలానికి కట్టించాను. తాడు రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని మంచిచెయ్యి కిందకి లాగితే రెండో చెయ్యి పైకి వస్తుంది. శక్తి అంతా మంచిచేతిదే, రెండోది ఊరికే ప్రయాణిస్తుంది. దీన్ని మొదట్లో ఫిజియో ఎదురుగా నేర్చుకోండి. ఆరు వారాల తర్వాత వేళ్ళతో గోడ మీద చీమ పాకినట్టు పైకి పాకించడం. నేను స్కూలు నుంచి తెచ్చిన సుద్దముక్కతో ప్రతి ఆదివారం అందిన చోట గీత పెట్టి తారీఖు వేశాను. మొదటి గీత నా గడ్డం ఎత్తులో ఉంది, రెండు వారాలు అక్కడే ఆగిపోయింది, ఏడుపొచ్చింది. తర్వాత వారానికి రెండు మూడు వేళ్ళ చొప్పున పైకి పోయింది. రోజూ కొలవకండి, రోజూ కొలిస్తే దిగులే మిగులుతుంది.

ఫిజియో దగ్గరికి వెళ్ళేటప్పుడు సర్జన్ రాసిచ్చిన వారాలవారీ కాగితం జిరాక్స్ తీసి ఇవ్వండి. ఏ వారంలో ఏది చేయొచ్చో ఆ కాగితమే లెక్క. "కొంచెం ఓర్చుకోండి" అని బలవంతంగా లాగి ఎత్తుతుంటే ఆపమని చెప్పండి, మొహమాటపడకండి. కసరత్తు చేశాక కాసేపు సలపడం మామూలే, రాత్రంతా నిద్ర పట్టనంత నొప్పి వస్తే మర్నాడు తగ్గించాలి. తోమించుకోవడం, మందు నూనెతో గట్టిగా రుద్దించుకోవడం ఈ మూడు నెలల్లో పూర్తిగా వద్దు. రాజమండ్రి దాకా రోజూ వెళ్ళలేరు కాబట్టి మీ ఊరికి దగ్గరలో ఉన్న ఫిజియోని చూసుకుని, వారానికి రెండుసార్లు అక్కడ, మిగతా రోజులు ఇంట్లో రోజుకి మూడుసార్లు చేస్తే సరిపోతుంది.

పనిలోకి ఎప్పుడు

బల్ల దగ్గర కూర్చుని చేసే పనికి కొందరు రెండు మూడు వారాల్లో స్లింగ్‌తోనే వెళ్తారు. బండి నడపడం స్లింగ్ తీసి, చెయ్యి పట్టు వచ్చి, డాక్టర్ ఒప్పుకున్నాకే. బలం పెంచే కసరత్తులు, అంటే రబ్బరు పట్టీ లాగడం లాంటివి, 12 వారాల తర్వాత. బరువు పనులు ఆర్నెల్లకి ముందు అసలు ఆలోచించొద్దు. కొబ్బరిచెట్టు ఎక్కడం, బస్తా భుజానికెత్తడం, వల విసరడం, ఇవన్నీ ఆ తర్వాత కూడా సర్జన్ బలం పరీక్షించి చెప్పాలి, పెద్దగా తెగినవాళ్ళకి ఆ పనే మార్చుకోమంటారు. అందుకే ఆర్నెల్ల ఇంటి ఖర్చు ఆపరేషన్ ఖర్చుతో కలిపే లెక్క వేసుకోండి. ఈ లెక్క వేసుకోనివాళ్ళే మూడో నెలలో చేతిలో డబ్బు లేక చెట్టెక్కుతారు, వాళ్ళని తప్పుపట్టలేం, కానీ ముందే తెలిస్తే సంఘంలోనో, చుట్టాల్లోనో, కమతం ఉన్న రైతు దగ్గరో కింద ఉండి కాయలు లెక్కపెట్టే పని అడిగి పెట్టుకోవచ్చు. మా వీధి చివర ఆయన అదే చేశాడు, ఎనిమిదో నెల దాకా కొడుకు ఎక్కాడు, తను కింద గెలలు సర్దాడు.

పెద్దగా తెగినవి, వయసు ఎక్కువున్నవాళ్ళవి కొన్ని మళ్ళీ తెగుతాయి, ఎంత బాగా చేసినా. అలా తెగినా నొప్పి ముందంత ఉండకపోవచ్చు, ప్రతిసారీ మళ్ళీ ఆపరేషన్ అక్కర్లేదు. కోలుకుంటున్నవాళ్ళు మధ్యలో టప్పుమని శబ్దం వచ్చి, నిన్న లేచిన చెయ్యి ఇవాళ లేవకపోతే మాత్రం వెంటనే చూపించుకోండి. మూడు నెలలకి, ఆర్నెల్లకి, ఏడాదికి పిలిచిన మూడుసార్లూ వెళ్ళండి, నొప్పి లేకపోయినా సరే. ఒకవైపు తెగినవాళ్ళకి రెండోవైపు కూడా అరిగి ఉండే అవకాశం ఎక్కువ, ఏడాది చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఆ భుజం కూడా చూడమని అడగండి. నేను అడిగాను. అందులోనూ కొంచెం ఉందట, ఆపరేషన్ అక్కర్లేదన్నారు, గిలక మాత్రం దూలం నుంచి విప్పొద్దన్నారు.